నార్వే బ్యాండు ఐరిష్ పాటలు పాడితే అది ఎవరి సంగీతం? (గ్రీన్‌లాండ్ వేల్‌ఫిషర్స్)

కర్నూలు_శ్రోత
గ్రీన్‌లాండ్ వేల్‌ఫిషర్స్ బ్యాండు గురించి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఫ్రెండ్ ఒకడు ఇయర్‌ఫోన్ చేతికిచ్చి వినమన్నాడు. బాంజో, టిన్ విజిల్, ఊపిరాడనివ్వని డ్రమ్ములు, వాటి మీద గొంతు చించుకుని పాడే మనిషి. అప్పటి నుంచి ఇంకేదీ వినబుద్ధి కావడం లేదు. డబ్లిన్‌లో ఏ పబ్బులోనో పుట్టిన బ్యాండు అయ్యుంటుందని వాడూ అన్నాడు, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే వీళ్ళది నార్వేలోని బెర్గెన్. 1994లో మొదలైందట.

అక్కడే నాకు గుచ్చుకుంది. నార్వేకి సొంత జానపదం లేదా? హర్డాంగర్ ఫిడేలు లాంటి వాద్యం ఇంట్లో పెట్టుకుని, పక్క దేశం పాటలు, పక్క దేశం భాష, పక్క దేశం యాస ఎందుకు? పాట బాగుంది, కాదనను. కానీ పాడేవాడికి ఆ పాటలోని బతుకుతో సంబంధం లేకపోతే వినేవాడు ఏం నమ్మాలి?

నాటుపంక్
ఐరిష్ జానపదాన్ని పంక్ రాక్ వేగంతో కలిపే ఈ బాణీని ఐరిష్ పంక్ అంటారు, అది ఐర్లండ్‌లో పుట్టలేదండీ. లండన్‌లో, కింగ్స్ క్రాస్ దగ్గర, 1982లో పోగ్స్ బ్యాండుతో మొదలైంది. దాని పుట్టుకే పరాయి ఊళ్ళో. అక్కణ్ణుంచి చూడండి.

కర్నూలు_శ్రోత
లండన్‌లో ఉన్నా వాళ్ళు ఐరిష్ వలసదారుల పిల్లలే కదా. అమ్మమ్మ ఊరి పాటలు అవి. బెర్గెన్ కుర్రాళ్ళకి ఆ అమ్మమ్మ ఎక్కడ?

నాటుపంక్
అందరూ అనుకునేది అదే, కానీ బ్యాండులో ఒక్కొక్కరిని తీసి చూడండి.

పోగ్స్ గాయకుడు షేన్ మెక్‌గవన్ తల్లిదండ్రులు ఐరిష్ వాళ్ళు. అతను పుట్టింది ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, 1957 క్రిస్మస్ రోజున. చిన్నప్పుడు కొంతకాలం ఐర్లండ్‌లోని టిప్పరరీలో అమ్మ తరఫు వాళ్ళ ఇంట్లో పెరిగాడు. కాబట్టి మీరన్న అమ్మమ్మ ఊరు అతనికి ఉంది. మిగిలినవాళ్ళ సంగతి? టిన్ విజిల్ వాయించిన స్పైడర్ స్టేసీ ఇంగ్లీషువాడు. బాంజో జెమ్ ఫైనర్, ఇంగ్లీషువాడు. అకార్డియన్ జేమ్స్ ఫియర్న్‌లీ, మాంచెస్టర్ వైపు ఇంగ్లీషువాడు. డ్రమ్స్ ఆండ్రూ రాంకెన్ కూడా అంతే. మనం విని 'అబ్బ, ఎంత ఐరిష్‌గా ఉంది' అనుకునే ఆ విజిల్, ఆ బాంజో, ఆ అకార్డియన్ మూడూ ఇంగ్లీషు చేతులే. స్పైడర్ అయితే బీరు ట్రే తీసుకుని తన తలకేసి కొట్టుకుంటూ తాళం వేసేవాడు. అది ఏ దేశపు సంప్రదాయమో మీరే చెప్పాలి.

ఇంగ్లీషువాళ్ళు వాయిస్తే సంప్రదాయం, నార్వేవాళ్ళు వాయిస్తే అనుకరణా?

ఫిడేలు_రామం
ట్రే సంగతి మా క్లాసులో చెప్తే పిల్లలు రేపే మొదలుపెడతారు. చెప్పను.

పచ్చదనం
అసలు ఆ పేరు చూస్తేనే నాకు ఇబ్బందిగా ఉంది. గ్రీన్‌లాండ్ తిమింగలాల వేటగాళ్ళు! పైగా వచ్చింది నార్వే నుంచి. ప్రపంచం వ్యాపార వేట ఆపుదామని ఒప్పుకున్నాక కూడా 1993లో మళ్ళీ మొదలుపెట్టిన దేశం అది. మరుసటి ఏడాదే ఈ బ్యాండు. పేరు యాదృచ్ఛికమా?

బెర్గెన్_వాన
నేను బెర్గెన్‌లోనే చదువుకుంటున్నాను, అందుకే రాస్తున్నా. పచ్చదనం గారూ, వేటని పొగడడానికి పెట్టిన పేరు కాదది. 'గ్రీన్‌లాండ్ వేల్ ఫిషరీస్' అని ఒక పాత నావికుల పాట ఉంది, పేరు అక్కడిది. పోగ్స్ 1984లో వేసిన మొదటి ఆల్బమ్‌లో ఆ పాట ఉంది. అంటే ఒకే దెబ్బకి రెండు చెప్పారు: మేము సముద్రం మీది పాటల వాళ్ళం, మేము పోగ్స్ దారిలో వచ్చినవాళ్ళం అని.

నార్వే వేట చరిత్ర గురించి మీరన్నది నిజమే. 1870 ప్రాంతంలో పేలుడు మందు కూర్చిన హార్పూన్‌ని తయారుచేసి వేటని పరిశ్రమగా మార్చిన స్వెన్ ఫోయిన్ టోన్స్‌బెర్గ్ అనే నార్వే ఊరివాడే. ఇప్పటికీ ఇక్కడ మింకె తిమింగలాల వేట చట్టబద్ధమే. బెర్గెన్ చేపల మార్కెట్లో ఆ మాంసం అమ్మకానికి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ కడుపులో తిప్పింది. కానీ ఆ కోపం బ్యాండు పేరు మీద చూపించడం సరికాదు.

విశాఖతీరం
ఆ పాట కథ తెలిస్తే పచ్చదనం గారు దాన్ని ఇష్టపడతారు. ఓడ ఉత్తరాదికి వెళుతుంది. స్తంభం మీద నిలబడినవాడు తిమింగలాన్ని చూసి కేక వేస్తాడు. పడవలు దింపుతారు. హార్పూన్ దిగుతుంది. తిమింగలం తోకతో ఒక్క దెబ్బ కొడితే పడవ బోల్తా. మనుషులు పోతారు, తిమింగలమూ తప్పించుకుపోతుంది. అంతే కథ. గెలుపు లేదు, వీరత్వం లేదు. చివర్లో ఆ దేశం గురించి చలి, మంచు, చీకటి అని తిట్టుకుంటూ వెనక్కి వస్తారు.

ఇందులో నాకు బాగా నచ్చే ముక్క కెప్టెన్ ఏడుపు. ఈ పాట నోటికో రకంగా ఉంది. కొన్ని పాఠాల్లో కెప్టెన్ 'తిమింగలం పోతే పోయింది, నా మనుషులు పోయారే, దానికి పదింతలు బాధ' అంటాడు. ఇంకొన్ని పాఠాల్లో అదే మాట తిరగబడుతుంది. మనుషులు పోయినందుకు బాధే, తిమింగలం పోయినందుకు పదింతలు బాధ! ఒక్క లైను అటూ ఇటూ అయితే యజమాని మనిషో రాక్షసుడో తేలిపోతుంది. రెండో పాఠం పాడిన నావికులకి కెప్టెన్ ఎలాంటివాడో బాగా తెలిసే ఉంటుంది.

మాది జాలరిపేట. మా వాళ్ళు కూడా బోటు ఓనరు గురించి సముద్రం మీద పాడుకునేవి ఒడ్డు మీద పాడరు.

కర్నూలు_శ్రోత
విశాఖతీరం గారూ, ఇది నాకు తెలియదు. ఇప్పుడు పేరు అర్థమైంది. కానీ మీరే నా వాదన చెప్పారు చూడండి. మీ జాలరిపేట పాట జాలరి నోట వస్తేనే బరువు. నేను కర్నూల్లో కూర్చుని అది పాడితే ఏముంటుంది?

విశాఖతీరం
మీరు పాడండి. మా పెదనాన్నకి వినిపిస్తా. ఆయన మీ ఊరు అడగడు, తాళం తప్పితే మాత్రం ఊరుకోడు.

ఫిడేలు_రామం
తాళం మాట వచ్చింది కాబట్టి. కర్నూలు_శ్రోత గారు ఇంకో వైపు నుంచి చూడాలి. సంగీతం పక్కనపెట్టి పాస్‌పోర్టులు చూస్తున్నాం మనం.

ఐరిష్ డాన్సు ట్యూన్లలో ముఖ్యమైనవి జిగ్, రీల్. జిగ్ 6/8లో నడుస్తుంది. మనవాళ్ళకి చెప్పాలంటే తకిట తకిట అనే తిశ్రం. రీల్ నాలుగు లెక్క, తకధిమి తకధిమి, చాలా వేగంగా. స్లిప్ జిగ్ 9/8, పోల్కా రెండు లెక్క. ఒక్కో ట్యూన్‌లో రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, మళ్ళీ మొదటికి. ఆపకుండా ఒక ట్యూన్ లోంచి ఇంకో ట్యూన్ లోకి దూకుతారు. డాన్సు చేసేవాళ్ళ కాళ్ళ కోసం పుట్టిన సంగీతం కాబట్టి వేగం దాని ఒంట్లోనే ఉంది.

పంక్‌కి కావలసినవి ఏమిటి? వేగం, రెండు మూడు గిటారు కార్డులు, నేర్చిన గొంతు అక్కర్లేదు, అందరూ కలిసి అరవగలిగే పల్లవి. పబ్బులో పాడే ఐరిష్ పాటకి ఈ నాలుగూ ముందే ఉన్నాయి. గిటారుకి కరెంటు పెట్టి డ్రమ్స్ రెండింతలు చేస్తే చాలు. పోగ్స్‌లో రాంకెన్ మొదట్లో నిలబడి రెండంటే రెండు డ్రమ్ముల మీద వాయించేవాడు. అంత తక్కువతో సరిపోయింది. ఈ అతుకు ఇంత సహజంగా కుదరబట్టే జర్మనీలో ఫిడ్లర్స్ గ్రీన్, టోక్యోలో చెర్రీ కోక్స్, వాంకూవర్‌లో స్కాటిష్ పాటలతో రియల్ మెకెంజీస్ వచ్చారు. బెర్గెన్‌లో రాకపోతే ఆశ్చర్యపోవాలి.

కొత్తగా_వచ్చా
టోక్యోలో కూడానా? వెతికి వింటా.

స్వరజతి
జిగ్‌లు, రీల్‌లు మనకి కొత్త కాదండీ. మనలో సంగీతం నేర్చుకున్న చాలామంది తెలియకుండా పాడేశారు. నొట్టుస్వరాలు గుర్తున్నాయా?

ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే ట్యూన్లు విన్నారు. వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవి శంకరాభరణంలో చక్కగా ఒదిగిపోయాయి. 'సంతతం పాహిమాం' బ్రిటిష్ జాతీయగీతం ట్యూను. 'వందే మీనాక్షి' అయితే ఐర్లండ్‌లోని కార్క్ జిల్లా మాలో ఊరి పేరుతో ఉన్న ట్యూను, 'రేక్స్ ఆఫ్ మాలో'. మాలో ఊరి పోకిరీల మీది ట్యూను మన దగ్గర మీనాక్షి అమ్మవారి స్తుతి అయింది! చిన్నపిల్లలకి ఇప్పటికీ నేర్పుతారు. ఎవరూ ఇది మనది కాదు అనలేదు.

దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులే కర్ణాటక కచేరీలోకి వయొలిన్‌ని తెచ్చారని చెప్తారు. ఫిడేలు_రామం గారి అన్నం కూడా అలా వచ్చిందే.

ఫిడేలు_రామం
నిజం. రోజూ దణ్ణం పెట్టుకునే తింటాను.

కర్నూలు_శ్రోత
స్వరజతి గారూ, గొప్ప ఉదాహరణ. కానీ ఇది నా పక్షాన ఉంది! దీక్షితులు ట్యూను తీసుకున్నారు. ఆ తర్వాత తన భాష, తన దేవత, తన రాగం పెట్టారు. ట్యూను వచ్చి ఇక్కడి మనిషి అయిపోయింది. బెర్గెన్ వాళ్ళు ఆ పని చేయలేదుగా. ఇంగ్లీషులోనే, పోగ్స్ పాడినట్టే పాడుతున్నారు. నార్వేజియన్‌లో పాడితే నేను ఈ ప్రశ్నే అడిగేవాణ్ణి కాదు.

స్వరజతి
ఇది బలమైన మాట. ఒప్పుకోను గానీ బలమైన మాటే.

హన్మకొండ_హరి
నేను కర్నూలు గారి వైపే. నార్వేలోనే అలా చేసినవాళ్ళు ఉన్నారు. హౌగెసున్ నుంచి వాంప్ అనే బ్యాండు. ఐరిష్ గాలి బాగా సోకినవాళ్ళే, కానీ తమ ఊరి యాసలో, ఆ ఊరి కవి కోల్బెయిన్ ఫాల్కైడ్ కవితలు పాడారు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది. ఇంకో వైపు గోటె అనే బ్యాండు ఉంది. పాత నార్వే జానపద గాథల్ని హెవీ రాక్‌తో కలుపుతారు. 2024లో మాల్మోలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీకి నార్వే తరఫున వెళ్ళింది వాళ్ళే.

నాటుపంక్
వెళ్ళి ఫైనల్‌లో చిట్టచివరి స్థానం తెచ్చుకున్నారు కూడా.

హన్మకొండ_హరి
ఓట్ల లెక్కతో సంగీతం కొలుస్తామా? గోటెలో పాడే అమ్మాయి గొంతు వినండి ముందు.

నాటుపంక్
విన్నాను, అద్భుతం. ఓట్లతో కొలవనని నేనూ అంటున్నా. అప్పుడు భాషతో మాత్రం ఎందుకు కొలవాలి?

కొత్తగా_వచ్చా
హర్డాంగర్ ఫిడేలు అని మొదటి పోస్టులో ఉంది. మామూలు ఫిడేలుకీ దానికీ తేడా ఏంటి?

ఫిడేలు_రామం
పైన నాలుగు తీగలు కమానుతో వాయించేవి. వాటి కింద నాలుగో అయిదో తీగలు ఊరికే ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు, పై స్వరానికి అవే మోగుతాయి. సితార్‌లో తరఫ్ తీగల పద్ధతే. అందుకే ఒక్క మనిషి వాయిస్తున్నా గది నిండా వినిపిస్తుంది. ముత్యపు చిప్ప పొదుగు, నల్ల సిరా నగిషీలు, తల దగ్గర సింహం బొమ్మ. నార్వేలో భక్తి ఉద్యమాల కాలంలో దీన్ని సైతాను వాద్యమని తిట్టి తగలబెట్టిన సందర్భాలున్నాయి. దొరికినవాటిలో పాతది 1651 నాటిదని చెప్పే యోస్టా ఫిడేలు. ఎడ్వర్డ్ గ్రీగ్ చివరి రోజుల్లో ఈ ఫిడేలు ట్యూన్లనే పియానోకి రాశాడు. గ్రీగ్‌ది బెర్గెనే.

ఇంత చెప్పి ఇంకో మాట కూడా చెప్పాలి. హర్డాంగర్ ఫిడేలు సంగీతం పంక్ డ్రమ్ములతో అంత తేలిగ్గా కలవదు. దాని ముఖ్యమైన డాన్సు స్ప్రింగార్‌లో మూడు లెక్కలు ఉంటాయి కానీ మూడూ సమానంగా ఉండవు. ఒకటి సాగుతుంది, ఒకటి కుంచించుకుపోతుంది. ఏ లోయవాళ్ళ లెక్క వాళ్ళది. డ్రమ్ములవాడు గట్టిగా బాదాడా, ఆ సాగుడు చచ్చిపోతుంది. ఐరిష్ రీల్‌కి ఆ గొడవ లేదు. ఇది పరాయి ప్రేమ అని కర్నూలు గారు అంటున్నారు, నాకైతే సగం తాళం సంగతి అనిపిస్తుంది.

కర్నూలు_శ్రోత
ఈ కోణం నేను ఆలోచించలేదు. స్ప్రింగార్ ఒకటి వినాలి.

చరిత్రపిచ్చి
నావికుల పాట దగ్గరికి మళ్ళీ వస్తా. అందులో ఉన్న గ్రీన్‌లాండ్ మనం మ్యాపులో చూసే గ్రీన్‌లాండేనా?

17వ శతాబ్దంలో ఇంగ్లీషు, డచ్ వేటగాళ్ళు ఎక్కువగా వెళ్ళింది స్పిట్స్‌బెర్గెన్‌కి. ఆ దీవుల్ని ఇంగ్లీషువాళ్ళు గ్రీన్‌లాండ్ అనే పిలిచేవాళ్ళు. డచ్చివాళ్ళు అక్కడ 1619లో స్మీరెన్‌బుర్గ్ అని ఏకంగా తిమింగలాల కొవ్వు కరిగించే ఊరే కట్టారు. వాళ్ళు వేటాడింది బౌహెడ్ తిమింగలాన్ని. నెమ్మదిగా ఈదుతుంది, కొవ్వు ఎక్కువ, చచ్చాక తేలుతుంది. దానికి అవే శాపాలయ్యాయి. రెండు వందల ఏళ్ళు పైన బతికే జంతువు అది.

ఆ స్పిట్స్‌బెర్గెన్ దీవులే ఇప్పటి స్వాల్‌బార్డ్. 1920 ఒప్పందంతో నార్వేకి వచ్చాయి. కాబట్టి 'గ్రీన్‌లాండ్ వేట' అని ఇంగ్లీషు ఓడలు వెళ్ళిన నీళ్ళు చాలావరకు ఇవాళ్టి నార్వే పెరడు. ఆ పాటకి బెర్గెన్ ఎంత దూరమో మీరే చూడండి.

పచ్చదనం
రెండు వందల ఏళ్ళు! అంటే వేటగాళ్ళ కాలంలో పుట్టిన తిమింగలం ఇప్పటికీ ఈదుతూ ఉండొచ్చన్నమాట. పేరు మీద నాకు ఇంకా పూర్తిగా మనసు కుదరలేదు. పాట మాత్రం వింటాను.

బెర్గెన్_వాన
చరిత్రపిచ్చి గారు మొదలుపెట్టారు కాబట్టి ఊరి సంగతి ఇంకొంచెం చెప్తా. కర్నూలు గారు 'పక్క దేశం' అంటున్నారు. ఇక్కడ నిలబడి చూస్తే పక్క ఇల్లే.

బెర్గెన్ ముఖం సముద్రం వైపు, వీపు కొండల వైపు. ఓస్లో వెళ్ళాలంటే కొండలు దాటాలి. పాతకాలంలో బ్రిటన్ వైపు ఓడలో పోవడమే తేలిక. స్కాట్లాండ్‌కి పైనున్న షెట్లాండ్ దీవుల రాజధాని లెర్విక్‌కి ఎడిన్‌బరా కన్నా బెర్గెనే దగ్గర. షెట్లాండ్, ఆర్క్నీ దీవులు 1468, 69ల దాకా నార్వే రాజువే. కూతురి కట్నం బాకీ కింద స్కాట్లాండ్‌కి తాకట్టు పెడితే మళ్ళీ వెనక్కి రాలేదు. షెట్లాండ్ ఫిడేలువాళ్ళు పక్క తీగని కూడా మోగిస్తూ వాయిస్తారు. అది నార్వే నుంచి అబ్బిన అలవాటని అంటారు. ఇక డబ్లిన్ ఊరికి మొదలు 841లో వైకింగులు వేసుకున్న ఓడల మకాం.

అంతకన్నా నాకు ఇష్టమైనది సునీవా కథ. ఈ పడమటి నార్వేకి రక్షక దేవతగా కొలిచే సెయింట్ సునీవా ఐరిష్ రాజకుమారి అని ఐతిహ్యం. ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని తెడ్లు లేని పడవల్లో బయల్దేరి సెల్యా దీవికి కొట్టుకొచ్చిందట. ఆమె అవశేషాలని 1170లో బెర్గెన్‌కి తెచ్చారు. ఈ ఊరు ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే ఒక ఐరిష్ పిల్లని తన దేవతగా చేసుకుంది. ఇప్పుడు నలుగురు కుర్రాళ్ళు ఐరిష్ విజిల్ పట్టుకుంటే తప్పా?

పైగా వాన. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లు దాటి పడుతుంది, విశాఖలో పడే దానికి దాదాపు రెట్టింపు. సాయంత్రాలు పబ్బులోనో క్లబ్బులోనో గడవాల్సిందే. యుద్ధకాలపు బాంబు షెల్టర్‌లో విద్యార్థులు నడిపే హూలెన్ అనే రాక్ క్లబ్బు 1969 నుంచి ఉంది. కొండ లోపల గుహ అది. లోపల అందరూ కలిసి ఒక పల్లవి అరిస్తే ఛాతీలో మోగుతుంది. ఇలాంటి ఊళ్ళోనే బ్లాక్ మెటల్ అనే కరకు రాక్ సంగీతం పెరిగింది, ఈ బ్యాండూ పుట్టింది.

కొత్తగా_వచ్చా
సునీవా కథ నిజంగా జరిగిందా?

బెర్గెన్_వాన
ఐతిహ్యం అన్నానుగా. కానీ సెల్యాలో పాత మఠం శిథిలాలు ఉన్నాయి, జూలై 8న ఆమె పండగ రోజు. నమ్మకం మాత్రం నిజం.

హన్మకొండ_హరి
వైకింగులు, రాకుమార్తెలు, కట్నాలు... వెయ్యేళ్ళ క్రితం సంబంధం చూపించి ఇవాళ్టి పాటకి హక్కు పత్రం రాయలేం. ఆ లెక్కన అందరూ అందరి పాటలూ పాడొచ్చు.

విశాఖతీరం
పాడొచ్చు. అదే కదా అంటున్నది.

నాటుపంక్
హరి గారూ, వెయ్యేళ్ళు వద్దు, రెండు వందలు చాలు. 1825 జూలైలో స్టవాంగర్ నుంచి 'రెస్టౌరేషన్' అనే చిన్న ఓడ 52 మందితో అమెరికాకి బయల్దేరింది. ఆ తర్వాత వందేళ్ళలో సుమారు ఎనిమిది లక్షల మంది నార్వే వదిలి వెళ్ళారు. అప్పట్లో యూరప్‌లో జనాభాతో పోల్చి ఎవరెక్కువ మంది వెళ్ళారో చూస్తే ఐర్లండ్ మొదట, దాని తర్వాత నార్వే. రాళ్ళ భూమి, ఇంట్లో పదిమంది పిల్లలు, పెద్దవాడికి పొలం, మిగిలినవాళ్ళకి ఓడ టికెట్టు. ఒడ్డున తల్లి నిలబడి చేయి ఊపడం, మళ్ళీ కనిపించకపోవడం. ఇది ఐరిష్ పాటల్లో ఉన్న కథే కదా.

ఇప్పుడు నార్వే చమురు దేశం, డబ్బున్న దేశం. అందుకే మనకి ఆ పాటలు వాళ్ళ నోట వింతగా ఉంటున్నాయి. ఉత్తర సముద్రంలో పెద్ద చమురు నిక్షేపం దొరికింది 1969లో. అంతకుముందు ఆ తీరంలో బతుకంటే హెర్రింగు చేపలు, ఓడల్లో కూలి, చలి. బ్యాండువాళ్ళ తాతలు ఏం చేశారో నాకు అనవసరం. ఆ తీరానికి ఈ పాటల్లోని బాధ పరాయిది కాదు.

హన్మకొండ_హరి
ఇది ఒప్పుకోదగ్గ వాదన. వైకింగుల కన్నా వెయ్యి రెట్లు నయం. గల్ఫ్ వెళ్ళిన మా ఇంటివాళ్ళని తలుచుకుంటే ఆ ఒడ్డున నిలబడ్డ తల్లి నాకు బాగా కనిపిస్తుంది. అయినా భాష దగ్గర మాత్రం కదలను. ఆ తల్లి ఏడ్చింది నార్వేజియన్‌లో.

స్వరజతి
ఓడల మీద ఏ భాష ఉండేది మరి? సముద్రం మీది కూలీలు పది దేశాల వాళ్ళు. పనిపాటల్లో ఇంగ్లీషే ఎక్కువ. బెర్గెన్ నావికుడు లివర్‌పూల్ ఓడలో ఇంగ్లీషు పాటకే తాడు లాగి ఉంటాడు. మన త్యాగరాజు తంజావూరు ప్రాంతంలో, చుట్టూ తమిళం వినిపించే చోట తెలుగులో కీర్తనలు రాశాడు. తమిళ గాయకులు ఇవాళ్టికీ వాటిని తెలుగులోనే పాడుతున్నారు. వాళ్ళని అనువదించి పాడమని అడుగుతామా?

హన్మకొండ_హరి
...ఉచ్చారణ కొంచెం సరిచేసుకోమని అడుగుతాం.

స్వరజతి
అది అడగండి, నేనూ చేయి కలుపుతా. ఐరిష్ వాళ్ళు కూడా బెర్గెన్ బ్యాండుని అదే అడిగి ఉంటారు.

కర్నూలు_శ్రోత
త్యాగరాజు ఉదాహరణతో నన్ను బాగానే ఇరికించారు. నా వైపు నుంచి ఇంకో మాట. ఆదివారం కూర్చుని పోగ్స్‌వి రెండు ఆల్బమ్‌లు, తర్వాత వేల్‌ఫిషర్స్ వరసగా విన్నాను. గొంతు గీర, విజిల్ ఎత్తుగడ, చాలాచోట్ల ఒకటే మూస. నాకు ప్రేమ కనిపిస్తోంది, గౌరవం కనిపిస్తోంది. తమ ముద్ర ఎక్కడ అన్నదే ఇప్పుడు నా ప్రశ్న. బెర్గెన్ వాన ఆ పాటల్లో పడాలి.

నాటుపంక్
ఇది మంచి ప్రశ్న, మొదటిదాని కన్నా మంచిది. నా చెవికి వినిపించే తేడా చెప్తా. పోగ్స్ పాటల్లో మెక్‌గవన్ అక్షరమే రాజు. అతను 2023 నవంబరు 30న పోయినప్పుడు ఐర్లండ్ అంతా ఒక కవి పోయినట్టే ఏడ్చింది. అలాంటి రచయిత తరానికి ఒకడు, వేల్‌ఫిషర్స్‌లో ఆ స్థాయి సాహిత్యం వెతకొద్దు. వీళ్ళ బలం బండ ఊపు. పోగ్స్ జారుతూ తూలుతూ వెళతారు, వీళ్ళు నిలబడి గుద్దుతారు. పంక్ పాలు ఇక్కడ ఎక్కువ. బోస్టన్ వైపు డ్రాప్‌కిక్ మర్ఫీస్, లాస్ ఏంజెలెస్‌లో ఫ్లాగింగ్ మాలీ ఇదే దారి పట్టారు. కానీ గమనించండి, డ్రాప్‌కిక్ మొదలైంది 1996లో. వేల్‌ఫిషర్స్ అంతకు రెండేళ్ళ ముందే ఉన్నారు, అదీ ఐరిష్ వలస జనం గుంపులుగా లేని ఊళ్ళో. బోస్టన్‌లో ఇలాంటి బ్యాండు పెడితే హాలు దానంతటదే నిండుతుంది. బెర్గెన్‌లో వినేవాళ్ళని కూడా బ్యాండే తయారుచేసుకోవాలి. మూడు దశాబ్దాలు నిలబడ్డారంటే అనుకరణ అంతకాలం కడుపు నింపదు.

బెర్గెన్_వాన
ఈ చివరి మాటకి పది లైకులు.

ఫిడేలు_రామం
వాద్యాల సంగతి అడిగేవాళ్ళు లేరా? ఎవరూ అడగకపోయినా చెప్తా.

కొత్తగా_వచ్చా
నేను అడుగుతున్నా! టిన్ విజిల్ కొనాలనిపిస్తోంది. వేణువు కొంచెం వచ్చు. పనికొస్తుందా?

ఫిడేలు_రామం
వేళ్ళకి పనికొస్తుంది, పెదాలకి కాదు. కర్ణాటక వేణువు అడ్డంగా పట్టి పెదవితో గాలి కోయాలి, ఎనిమిది రంధ్రాలు. విజిల్ నిలువుగా పట్టి ఊదితే చాలు, స్వరం అదే వస్తుంది. ఆరు రంధ్రాలు. 1843లో రాబర్ట్ క్లార్క్ అనే ఇంగ్లీషు ఆయన రేకుతో చుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. పేదవాడి చేతికి అందిన వాద్యం అది, అందుకే పల్లెపల్లెకీ వెళ్ళింది.

మీకు ఇబ్బంది ఎక్కడంటే గమకం. మన వేణువు మీద వేలు జార్చి స్వరాన్ని ఊపుతాం. విజిల్ మీద జిగ్ వాయించేటప్పుడు ఆ ఊపు వద్దు. స్వరాల మధ్య వేలిని ఒక్క క్షణం ఎత్తి 'కట్' అంటారు, కట్, వేలితో రంధ్రాన్ని ఒక్కసారి తట్టే 'ట్యాప్' కలిపి 'రోల్' అంటారు. స్వరం ఊగదు, విరుగుతుంది. మొదట్లో మన చేయి ఒప్పుకోదు.

స్వరజతి
డి కీ విజిల్ తీసుకోండి. ఐరిష్ ట్యూన్లు ఎక్కువ డి, జి స్కేళ్ళలోనే ఉంటాయి, ఎవరితో కలిసి వాయించాలన్నా అదే. పై స్థాయి స్వరాలు గట్టిగా ఊదాలి, చెవులు గుచ్చుతాయి. ఇంట్లోవాళ్ళు ఆఫీసుకెళ్ళాక సాధన చేయండి.

పచ్చదనం
అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ళ గురించి కూడా ఆలోచించాలి. మా పక్కింట్లో ఒకరు మొదలుపెట్టారు, అందుకే చెప్తున్నా.

కొత్తగా_వచ్చా
మొదట ఏ ట్యూను నేర్చుకోను?

స్వరజతి
మీకు నొట్టుస్వరాలు వచ్చి ఉంటే 'వందే మీనాక్షి' అక్షరాలు తీసేసి స్వరాలు మాత్రం విజిల్ మీద ఊదండి. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుతూ పోండి. అదే 'రేక్స్ ఆఫ్ మాలో', పోల్కా లెక్కలో వాయించేస్తారు. ఒక్క ట్యూను చేతిలో ముందే ఉన్నట్టు.

కర్నూలు_శ్రోత
అది రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, కొత్తగా_వచ్చా గారూ. వెనకాల డ్రమ్స్ మా తమ్ముడు వాయిస్తాడు, వాడికి పంక్ పిచ్చి. విశాఖతీరం గారూ, మీ పెదనాన్న గారి పాట ఒకటి ఫోన్లో పట్టుకోగలరా? నేను పాడతానని మాట ఇవ్వను, వింటానని ఇస్తాను.

విశాఖతీరం
అడుగుతా. వేట నిషేధం రోజుల్లో అయితే ఒడ్డునే ఉంటారు, ఓపిగ్గా పాడతారు. ఓనరు మీద పాట మాత్రం పెట్టను, ఆయన కొడుకు కూడా ఈ ఫోరంలో ఉన్నాడు.